జాకెట్ల పుస్తకం మీద సంతకం

పేజీలు సరిచూడమని ఇస్తే పరాంకుశం మాస్టారు వాటిని వెంటనే చదివేవారు కాదు. ఆ పుస్తకం కొనుక్కున్నవాళ్ళు దానితో ఏం చేస్తారో ముందు ఆ పని చేసేవారు. జోలపాటల పుస్తకం వచ్చినప్పుడు ప్రూఫు కాగితాలు కుట్టించి, భుజాన ఒక దిండు వేసుకుని, ఒంటి చేత్తో పుస్తకం పట్టుకుని ప్రెస్సు మేడమీద పచార్లు చేశారు. గాలిపటాలు కట్టడం నేర్పే పుస్తకం వచ్చినప్పుడు అందులో చెప్పినట్టే ఒకటి కట్టి, డాబా ఎక్కి ఎగరేశారు. ఏలూరులో ఆ వీధి వీధంతా ఆయన్ని చూసి నవ్వేది. ప్రెస్సు యజమాని మాత్రం నవ్వేవాడు కాదు. మాస్టారు సంతకం చేసిన పుస్తకం తప్పు పడి తిరిగిరావడం ఆయన ఎరగడు.

ఆ మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి పేరు హిమబిందు. కంప్యూటర్లో పేజీలు కట్టడంలో చెయ్యి తిరిగినదే. కానీ కట్టిన పేజీని మెషినుకి పంపేముందు సరిచూడటం వేరే విద్య. అక్షరాలు ఫైలుతో పాటే వెళ్తున్నాయా, లేక అవతలి మెషినులో ఆ ఫాంటు లేక చెల్లాచెదురవుతాయా? బొమ్మలు తెరమీద బాగుండి కాగితంమీద మసకబారతాయా? రంగులు అచ్చుకి తగ్గట్టు మార్చారా? అంచుదాకా ఉన్న రంగు, కోత కత్తి కాస్త పక్కకి జరిగినా తెల్లగీత కనబడకుండా, అంచు దాటి బయటికి ఉందా? పేజీల వరస తప్పిందా? మధ్యలో బైండింగు మింగేసే చోట అక్షరాలేమైనా ఉన్నాయా? బిందు ఇవన్నీ వేళ్ళ కణుపులమీద లెక్కపెట్టుకునేది. ఒక చేతి కణుపులు అయిపోతే రెండో చేతికి వెళ్ళేది. అన్నీ అయ్యాక కూడా, ఏదో వదిలేశానేమో అని మళ్ళీ మొదటి కణుపుకి వచ్చేది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో కూడా ఆమె బొటనవేలు కణుపులమీద తిరుగుతూనే ఉండేది.

మాస్టారికి చూపు తగ్గుతోంది. నెలాఖరుదాకా వస్తాననీ, ఆ తర్వాత సంతకం పెట్టే పని బిందుదేననీ ఆయన యజమానితో చెప్పేశారు. ఆ మాట విన్నరోజే బిందు ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, చూడవలసినవి ఇన్ని ఉన్నాయి కదండీ. ఏదో ఒక రోజున ఒకటి మర్చిపోతాను. పుస్తకాలన్నీ అచ్చయ్యాక గుర్తొస్తుంది. అస్సలు మర్చిపోకుండా ఉండే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. బల్లమీదున్న ఒక పెద్ద కాగితాల చుట్ట ఆమె వైపు జరిపారు.

"సుగుణరత్నం గారి జాకెట్ల పుస్తకం. కట్టేది నువ్వే, చూసేది నువ్వే. సంతకం కూడా నువ్వే పెట్టు," అన్నారు.

ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటుంది. చివరి ప్రూఫు మూల ఎర్రసిరాతో 'అచ్చుకి ఇవ్వవచ్చు' అని రాసి ఎవరో ఒకరు సంతకం పెట్టనిదే మెషిను తిరగదు. ఇంతకాలం ఆ సంతకం మాస్టారిది. బిందు ఆ చుట్టని రెండు చేతులా అందుకుంది.

సుగుణరత్నం గారు కుట్టు టీచరు. ఆ చుట్టుపక్కల జాకెట్లు కుట్టి సంసారాలు నడుపుకుంటున్న ఆడవాళ్ళలో సగంమంది ఆమె ముందు కత్తెర పట్టినవాళ్ళే. ఆమె దగ్గర ఖాకీ కాగితాలమీద గీసుకున్న కొలతలున్నాయి. ముందుభాగం, వెనకభాగం, చేతులు, చంక కోత, అన్నీ అసలు సైజులో. కాగితం గుడ్డమీద పరిచి, గీత వెంట కత్తెర నడిపితే చాలు. వాటిని అలాగే, అసలు సైజులోనే, పుస్తకం చివర మడత కాగితాలుగా వేయించాలని ఆమె కోరిక. ఎందుకో మొదటిరోజే బిందుతో చెప్పింది.

"ఈమధ్య క్లాసులో ఒకరోజు చెప్పిన కొలత ఇంకోరోజు చెప్పడంలేదమ్మా. నాకు తెలియదు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటే అప్పుడు తెలుస్తుంది. ఇంకా చేతిలో ఉండగానే కాగితంమీద పెట్టించేస్తే, రేపు నేను తప్పు చెప్పినా, ఒసే పిల్లా, నా మాట కాదు, పుస్తకం చూసుకో అని చెప్పొచ్చు."

ఆమె నవ్వుతూనే అంది. బిందు నవ్వలేకపోయింది. ఆ పుస్తకంలో తప్పు పడితే, రేపు దాన్ని దిద్దడానికి టీచరుగారు ఉన్నా, ఆమెకి గుర్తుండదు. ఆ తప్పే అందరి చేతుల్లోకీ వెళ్ళి ఆవిడ పేరుమీద నిలిచిపోతుంది.

బిందు ఆ పుస్తకాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కట్టింది. కణుపు తర్వాత కణుపు, అన్నీ చూసుకుంది. బైండింగు దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు కనబడింది. మడత కాగితాల ఒక అంచుని పుస్తకం వెన్నులో జిగురుతో అతికిస్తారు. టీచరుగారి గీతలు చాలాచోట్ల సరిగ్గా ఆ అంచుదాకా ఉన్నాయి. అలాగే వదిలేస్తే చంక కోతల్లో సగం జిగురులో కూరుకుపోతాయి. మర్చిపోకుండా చూశాను కాబట్టి సరిపోయింది అనుకుని, కంప్యూటర్లో ఆ కొలతల బొమ్మలన్నిటినీ ఏమాత్రం తెలియనంతగా చిన్నవి చేసింది. నాలుగువైపులా తెల్లటి జాగా వచ్చింది. గీతలకి ఊపిరాడినట్టయింది. చూడటానికి ఇదివరకటికంటే ముచ్చటగా ఉంది.

పూర్తి సైజు ప్రూఫు వచ్చిన రోజున సుగుణరత్నం గారు చూసుకోవడానికి వచ్చింది. కాగితాలు బల్లమీద పరిస్తే, ఆమె కళ్ళతో కాకుండా చేత్తో చూసింది. అరచెయ్యి గీతలమీద నడిపింది. చంక కోత దగ్గర ఆగి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి జాన పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఇక్కడ నా జాన సరిగ్గా పట్టేది తల్లీ. ఇప్పుడు చిటికెనవేలు బయటికొస్తోంది." ఆగి, తనే నవ్వేసింది. "వయసు మీదపడితే వేళ్ళు పొడుగవుతాయా ఏంటి?"

"మీరు గీసిందేనండీ టీచరుగారూ. ఒక్క గీత కూడా మార్చలేదు," అంది బిందు. నిజంగానే ఆమె అలా అనుకుంటోంది.

"అంతేలే. నేనే మర్చిపోయుంటాను."

ఆ మాట అని సుగుణరత్నం గారు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత ఏ కాగితంమీదా జాన పెట్టలేదు. బాగుంది, బాగుంది అంటూ చివరిదాకా చూసి వెళ్ళిపోయింది.

బిందు ఎర్రసిరా పెన్ను తీసింది. సంతకం పెట్టేముందు ఒక్కసారి మాస్టారి చేత బాగుంది అనిపించుకోవాలని ప్రూఫు పట్టుకుని వెళ్ళింది. ఫాంట్లు, రంగులు, అంచులు, వరస, బైండింగు, అన్నీ అప్పజెప్పింది. బైండింగు దగ్గర కాసేపు ఆగి, తను ఎలా కాపాడిందో చెప్పింది. మాస్టారు తల ఊపుతూ విన్నారు. కాగితాలు ముట్టుకోలేదు.

"ఎవరికి కుట్టావు?" అన్నారు.

"కుట్టడమేంటండీ?"

"జాకెట్ల పుస్తకమేగా అమ్మాయ్!"

మెషిను నడిపే గఫార్ అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. అతను ఆ పుస్తకం కోసం కాగితం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, గాలిపటాల పుస్తకానికి డాబా ఎక్కారు. సరే అన్నాం. రేపు బావులు తవ్వే పుస్తకం వస్తే ప్రెస్సులో గొయ్యి తీస్తారా? సోమవారం పొద్దున్నే మెషిను ఎక్కించాలి. బిందమ్మా, నువ్వు సంతకం పెట్టెయ్. నీ జాకెట్టు మా ఆవిడ కుట్టిపెడుతుంది."

"సోమవారం కదయ్యా. మధ్యలో ఆదివారముందిగా," అన్నారు మాస్టారు. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకోవడంలో పడ్డారు.

బిందుకి ఒళ్ళు మండింది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడానికి తీరికలేని మనిషి, సెలవురోజు పాడుచెయ్యడానికి మాత్రం ముందుంటాడు అనుకుంది. అయినా ప్రూఫు చుట్ట చంకన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. సంతకం పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో చాప పరిచి, నీలం పాప్లిన్ గుడ్డమీద ముప్ఫై ఆరు కొలత కాగితం పెట్టి కత్తిరించింది. అది వాళ్ళ అమ్మ రాజ్యలక్ష్మి కొలత. ఆమె మడతమంచంమీద పడుకుని చూస్తోంది.

"మీ మాస్టారికి కోడళ్ళు లేరటే? జాకెట్లు నీచేత కుట్టిస్తున్నాడు!"

"నీకేనమ్మా. ఊరికే వస్తోంది, తీసుకో."

"ఊరికే వచ్చేది నాకెప్పుడూ సరిపోలేదులే," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

టీ వేళకి జాకెట్టు తయారయింది. రాజ్యలక్ష్మి వేసుకుంది. చేతులు దూరాయి కానీ మోచేతిపైన పట్టేశాయి. ముందు హుక్కులు పెడదామంటే రెండు అంచులకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. ఊపిరి బిగబట్టింది. అయినా కలవలేదు.

"లావయ్యానే," అంది మెల్లగా. అప్పటిదాకా వేళాకోళమాడిన మనిషి ఒక్కసారి చిన్నబోయింది. "మధ్యాహ్నం పడుకోవద్దని మీ నాన్న అంటూనే ఉన్నారు. అచ్చేసిన కొలత అబద్ధమాడుతుందా?"

బిందు టేపు తెచ్చి చుట్టూ పట్టింది. ముప్ఫై ఆరు. ఎప్పటి ముప్ఫై ఆరే.

"లావవ్వలేదమ్మా నువ్వు."

"అయితే నీ కుట్టు లోపల ఎక్కువ పోయుంటుంది. నీ చేతివాటం నాకు తెలియదూ?"

బిందు కుట్టు విప్పి చూసింది. అరంగుళం లోపలికి కుట్టమంటే అరంగుళమే కుట్టింది. ఇద్దరూ చాపమీద కూర్చుని, రాజ్యలక్ష్మి రోజూ వేసుకునే పాత జాకెట్టుని కొత్తదానిమీద పరిచారు. నాలుగువైపులా పాతది బయటికి కనబడింది. ఒకచోట కాదు, అన్నిచోట్లా, కొంచెం కొంచెంగా.

అప్పుడు బిందు టేపుని కాగితంమీద పెట్టింది. ఛాతీ గీత పక్కన 'తొమ్మిది' అని అచ్చులో స్పష్టంగా ఉంది. గీత మాత్రం తొమ్మిది అంగుళాలకి అరంగుళం ఇవతలే ఆగిపోయింది.

ఆమె కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఫాంట్లు ఉన్నాయి. బొమ్మలు బాగున్నాయి. రంగులు, అంచులు, వరస సరిగ్గా ఉన్నాయి. బైండింగు దగ్గర బొటనవేలు ఆగింది. అది కూడా మర్చిపోలేదు. అది మర్చిపోకపోవడంవల్లనే కదా గీతలన్నిటినీ చిన్నవి చేసింది. గీతలు తగ్గాయి, పక్కనున్న అంకెలు తగ్గలేదు. ఇంతకాలం ఆమె దేనికి భయపడిందో అది జరగలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా మర్చిపోలేదు. అయినా అమ్మ వంటిమీద హుక్కులు పట్టలేదు.

ఆ తర్వాత ఆమెకి సుగుణరత్నం గారి చెయ్యి గుర్తుకొచ్చింది. చిటికెనవేలు బయటికి వచ్చిన చెయ్యి. ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి. 'ఒక్క గీత కూడా మార్చలేదు' అని తను ఎంత ధీమాగా చెప్పింది! అమ్మ లావయ్యాననుకుంది. టీచరుగారు మర్చిపోయాననుకుంది. కాగితాన్ని అనుమానించినవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఏమయిందే, అలా అయిపోయావు?" అంది తల్లి.

"నువ్వు లావవ్వలేదమ్మా," అంది బిందు మళ్ళీ. లేచి మొహం కడుక్కుంది.

సోమవారం పొద్దున్న గఫార్ మెషిను దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు. "సంతకమేదమ్మా?" అంటే, "లేదు గఫార్ భాయ్. అంగుళం వెడల్పు ఎక్కువున్న కాగితం కావాలి," అంది. అతను కాసేపు అరిచాడు. కోసిన కాగితమంతా ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా అన్నాడు. బిందు నీలం జాకెట్టు తీసి చూపించి, జరిగింది చెప్పింది. గఫార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఆవిడ ఇది కుట్టి ఉంటే, సరిపోనందుకు నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు," అని గొణిగి, పెద్ద కాగితం కోసం గోడౌనులోకి వెళ్ళాడు. బిందు గీతలన్నిటినీ తిరిగి అసలు సైజుకి తెచ్చింది. అతికించే వైపు ఒక అంగుళం ఖాళీ కాగితం ఎక్కువ వదిలింది. జిగురు ఆ ఖాళీని తింటుంది. గీతల జోలికి రాదు. మళ్ళీ పూర్తి సైజు ప్రూఫు తీయించి, అది పట్టుకుని నేరుగా కుట్టు క్లాసుకి వెళ్ళింది.

సుగుణరత్నం గారు అప్పటికే పిల్లలకి గుడ్డ మడత నేర్పుతోంది. బిందు బల్లమీద కాగితం పరిచి, "టీచరుగారూ, జాన పెట్టండి," అంది.

"ఎందుకమ్మా? చూశాను కదా. బాగుందన్నానుగా."

"ఒక్కసారి పెట్టండి."

ఆమె ఇష్టంలేనట్టుగానే చెయ్యి చాపింది. చంక కోత ఒక కొసన బొటనవేలు, రెండో కొసన చిటికెనవేలు. సరిగ్గా పట్టింది. ఆమె చెయ్యి తియ్యలేదు. చాలాసేపు అలాగే ఉంచింది. బిందు తను చేసిన పని చెప్పింది. గీతలు తగ్గించినది తనేననీ, ఆరోజు టీచరుగారి చెయ్యే సరైనదనీ, కాగితమే తప్పనీ చెప్పింది. సుగుణరత్నం గారికి కోపం వస్తుందని సిద్ధపడే వచ్చింది.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట," అంది ఆమె.

అని, వెనక్కి తిరిగి కిటికీ దగ్గరున్న పిల్లతో గట్టిగా, "ఏమే, అక్కడ నుంచుని వింటున్నావుగా, ఆ గుడ్డ అడ్డంగా మడిచావు. నిలువు మడత. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసిరింది. ఆ కసురుకి క్లాసంతా సర్దుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ప్రెస్సుకి తిరిగొచ్చి బిందు ప్రూఫు మూల ఎర్రసిరాతో సంతకం పెట్టింది. కింద మెషిను తిరిగిన చప్పుడు మేడ మీదికి వినబడింది. ఆమె మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి నీలం జాకెట్టు ఆయన ముందు పెట్టింది.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"నాకేం తెలుసు? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"నేనేదీ మర్చిపోలేదండీ. అన్నీ గుర్తుపెట్టుకుని చూశాను. అయినా తప్పు వచ్చింది. మరి నేను గుర్తుంచుకోవలసింది ఏంటి?"

పరాంకుశం మాస్టారు జాకెట్టుని జాగ్రత్తగా మడిచి ఆమె చేతికి ఇచ్చారు.

"ఎల్లుండి వంటల పుస్తకం ఫైలు వస్తోంది," అన్నారు. "అన్నం తినకుండా రా."